దానమ్మ కుక్కకు నేర్పిన మాట

నాకు కుక్కలంటే పడదు. దానమ్మ అంటే అంతకన్నా పడదు. ఈ రెండూ కలిసి నా కొట్టు అరుగు మీద కాపురం పెడితే నేనెలా బతికానో ఆ వాసవమ్మకే తెలియాలి.

గంజాం బజారులో ఉప్పు, పప్పు, వలతాళ్ళు అమ్ముకునే కాశీవిశ్వనాథాన్ని నేను. మమ్మల్ని మద్రాసు నుంచి విడదీసి కొత్త ఒరిస్సా రాష్ట్రంలో కలిపిన రోజులవి. కచేరీల మీద బోర్డులు మారుతున్నాయి, బంట్రోతులు మారుతున్నారు, తెలుగువాడిని ఒడియావాడూ ఒడియావాడిని తెలుగువాడూ ఓరకంట చూసుకుంటున్నారు. దానమ్మకి మాత్రం ఆ గొడవ పట్టలేదు. ఆవిడకి అప్పటికే అందరితోనూ తగువుంది. తెలుగువాళ్ళని తెలుగులో తిట్టేది, ఒడియావాళ్ళని ఒడియాలో తిట్టేది, కోపం మరీ ముదిరితే రెండూ కలిపి తిట్టేది.

రుషికుల్య సముద్రంలో కలిసేచోట, జాలర్ల వాడ గుడిసెలకి కాస్త ఎడంగా, సరుగుడు కర్రలతో దడి కట్టిన ఇసుక జాగా ఒకటుంది. దానమ్మ చేపలెండబెట్టే కళ్లం అది. కవళ్ళూ నెత్తళ్ళూ అక్కడ ఆరబోసి, ఎండాక గంపకెత్తి, రైల్లో బరంపురం పోయి గోసాని నువాగాంలో అమ్ముకొచ్చేది. మొగుడు మసేను తెప్ప తిరగబడి ఆ ఏటి మొగ దగ్గరే పోయాడు. పిల్లల్లేరు. మిగిలింది ఆ కళ్లమే. ఆ పక్క కళ్లం బావగారు పోతయ్యది. మసేనుకి సొంత అన్న. తమ్ముడి కర్మకాండ అయిన దగ్గర్నుంచీ ఆయన కన్ను ఈ దడి మీదే ఉంది. "మగదిక్కు నేని దానికి కళ్లం ఏటికే, ముండా? నా కాడ కూలికి రా, కూడెడతాను" అని నలుగురిలోనూ అనేవాడు. ఆవిడ ఇసుక గుప్పిట పట్టి వాడి నీడ మీద చల్లేది.

ఇక్కడ కుక్క సంగతి చెప్పాలి. మా వైపు కాపలాకుక్కని పెంచే పద్ధతి ఒకటుంది. పిల్లని తెచ్చి చీకటి గదిలో కట్టేస్తారు. యజమాని తప్ప ఇంకో మొహం చూడనివ్వరు. కూటిలో కారం కలుపుతారు, పౌరుషం వస్తుందని. మసేను అలాగే ఒకదాన్ని పెంచాడు. పౌరుషం బాగానే వచ్చింది. మసేను పోయిన కొన్నాళ్ళకి, దడి కింద రాలిన చేపలేరుకోడానికి వచ్చిన పక్కింటి పిల్ల పిక్క పట్టుకుని కండ ఊడబీకింది. వాడంతా కలిసి కుక్కని రాళ్ళతో కొట్టి చంపారు. పోతయ్య కులంలో తగువు పెట్టించాడు. కులపెద్ద గంగన్న తీర్పు చెప్పాడు: "దానమ్మ కుక్క ఇంకొక్క పాలి ఎవులి మీదన్నా పడిందా, ఆ కళ్లం పోతయ్యదే."

కుక్క మానేసి ఊరుకుంటే సరిపోను. కానీ కుక్క లేని కళ్లం మీద తెల్లారేసరికి చేప మిగలదు. నక్కలు తినగా మిగిలింది మనుషులు తింటారు. కాబట్టి ఆవిడకి మొరిగే కుక్క కావాలి, కరవని కుక్క కావాలి. ఆ రెండూ ఒకే తోలులో దొరకవని వాడంతా నవ్వింది. నేనూ నవ్వాను.

సరిగ్గా అప్పుడే నా ఖర్మ కొద్దీ ఓ ఊరకుక్క నా కొట్టు వెనక ఉప్పు బస్తాల సందున ఈనింది. పిల్లలు కళ్ళు తెరిచి పరుగులు పెట్టేదాకా నాకు తెలియలేదు. తెలిశాక వాటిని గోనెలో వేసి ఏరు దాటించమని మనిషిని పిలిచేలోపు దానమ్మ ఊడిపడింది. ఒక్కో పిల్లనీ వెల్లకిలా తిప్పి పట్టుకుంది. తర్వాత నన్నడక్కుండా నేను పప్పు కొలిచే ఇత్తడి మానిక తీసి వాటి పక్కన ఠంగున పడేసింది. పిల్లలన్నీ బస్తాల కిందికి దూరాయి. ఒక్కటి మాత్రం కాసేపటికి బయటికొచ్చి మానికని వాసన చూసింది. తెల్లటిది, చెవి మీద మచ్చ. దాన్ని ఒళ్ళో వేసుకుని, ఉప్పిగాడు అని అక్కడే పేరు పెట్టేసింది.

"పాలు మరిచిందో లేదో! దీనికిప్పుడే ఏటి నేరిపిత్తావే?" అన్నాను.

"ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు సావుకారూ? ఎవుడి పిక్కో నోట్లో ఎట్టుకున్నాకా? ముందు నీ మానిక సొట్ట సూసుకో, కొలత తగ్గిందో పెరిగిందో!"

చూశారా ఆ నోరు!

ఆనాటి నుంచి గంపలో చేపల మీద గుడ్డ, గుడ్డ మీద కుక్కపిల్ల. రైల్లో కూడా అలాగే. గార్డు కసిరితే గార్డు చేతే దాని తల నిమిరించేది. తలపాగావాడు, గడ్డంవాడు, గొడుగువాడు, బూట్లేసుకున్న పోలీసు, శంఖం ఊదే బైరాగి, ఎవడు కనపడ్డా సరే ఆపి, "ముట్టు బాబూ, ఓ పాలి ముట్టు" అనేది. వాడ పిల్లల్ని కూడా పిలిచి ముట్టించేది. "నిమరండి. తోక లాగినోడి సెవి నాను లాగుతాను" అని ముందే చెప్పేది, చెప్పినట్టే లాగేది. బరంపురంలో ఠాకురాణీ యాత్ర జరుగుతుంటే దాన్ని తీసుకుపోయి, డప్పులకి దూరంగా వీధి చివర కూర్చుని నెత్తళ్ళు తినిపించిందట. అది బెదరకపోతే ఇంకాస్త ముందుకి జరిగిందట. బెదిరితే వెనక్కి వచ్చిందట. యాత్రకి పోయి అమ్మవారి ఘటం చూడకుండా కుక్క మొహం చూసుకుని వచ్చిన మనిషి ఈవిడొక్కతే.

తిండి దగ్గర ఇంకా విడ్డూరం. అది తింటుండగా నోట్లో చెయ్యిపెట్టి చేప లాక్కునేది. మళ్ళీ అంతకన్నా పెద్ద ముక్క ఇచ్చేది. "నోటికాడది లాక్కున్నోడు శత్రువు కాదని దీనికి తెలియాల" అనేది. పోతయ్య విషయంలో మాత్రం ఆవిడకి ఈ వేదాంతం గుర్తుండేది కాదు.

నన్నూ వదల్లేదు. "సావుకారూ, కుక్కని ముట్టు" అని ఓ పొద్దుట అరుగెక్కింది.

"ముట్టను. మడిగా ఉన్నాను."

"ఓలమ్మ, మడే! నా సేతిలో సేపల డబ్బులు పుచ్చుకున్నప్పుడు ఎటెల్లిపోయిందో ఈ మడి!"

ముట్టాను. బేరం చెడిపోతుందని ముట్టాను, దాని మీద ప్రేమతో కాదు. వెధవ కుక్క నా వేళ్ళు నాకింది.

పెరిగింది. బాగానే పెరిగింది. దడి దగ్గరికి ఎవరొచ్చినా గొంతు చించుకుని మొరిగేది. దొంగకి ఆ గొంతు చాలు. దానమ్మ వచ్చి "దా! దా!" అని పిలవగానే అరుపు మానేసి పరిగెత్తుకొచ్చి కాలి దగ్గర కూర్చునేది. మా వైపు పిల్లల్నీ కుక్కల్నీ అలాగే కదా పిలుస్తాం. ఆవిడ ఒక్కతే పిలిస్తే చాలదని పది మంది చేతా "దా" అనిపించి, వచ్చిన ప్రతిసారీ వాళ్ళ చేత్తో చేపముక్క పెట్టించింది. ఏడాది తిరిగేసరికి ఎవరు "దా" అన్నా తోకూపుకుంటూ వచ్చేది. పోతయ్యకి ఒళ్ళు మండిపోయింది. ఒక్క చేప పోవడం లేదు, ఒక్క మనిషిని కరవడం లేదు. తగువు పెట్టడానికి దారి లేదు.

దారి పురుషోత్తంపూర్ నుంచి నడిచొచ్చింది. దండపాణి సాహు అని ఒడియా వర్తకుడు, ఎండు చేపలు కొనడానికి వచ్చాడు. కొత్త మనిషి. పోతయ్య ఆయన్ని తన కళ్లంలోకి తిన్నగా తీసుకెళ్ళకుండా, కావాలనే దానమ్మ దడి తడిక తోసి లోపల్నించి నడిపించాడు. ఉప్పిగాడు మొరిగాడు. దండపాణి భయపడి గొడుగు ఎత్తి, "జా! జా!" అని అరిచాడు. అంతే, కుక్క మొరగడం ఆపి ఆయన వైపు దౌడు తీసింది. ఆయన ఇంకా గట్టిగా "జా! జా!" అన్నాడు. అది ఇంకా సంతోషంగా ఉరికి ముందుకాళ్ళు ఆయన పంచె మీద వేసింది. ఆయన వెనక్కి తూలి వలలు కట్టే మేకుల మీద పడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయి నెత్తురొచ్చింది.

"కరిసీసింది! కరిసీసిందిరోయ్!" అని పోతయ్య వాడ వాడంతా వినపడేలా కేకేశాడు.

గంగన్న వచ్చాడు. నాకూ కబురొచ్చింది, నాకు ఒడియా బాగా వచ్చనీ, ఎవరి చుట్టాన్నీ కాననీ. నేను గాయం చూశాను. పంటి గాటు లేదు, మేకు గీరిన గీరే. ఆ మాటే చెప్పాను. దానమ్మ కోసం చెప్పలేదు, నిజం కాబట్టి చెప్పాను. పోతయ్య నన్ను మింగేసేలా చూశాడు.

దండపాణి మాత్రం ఊరుకోలేదు. "ముఁ జా జా కహుచి, ఏ కుకుర మో ఉపరకు ఆసుచి!" అని వగర్చాడు. నేను పో పో అంటుంటే ఈ కుక్క నా మీదికే వస్తోంది అని ఆయన గోడు.

"సాల్లే, నువ్వే కదా పిలిసినావు!" అని దానమ్మ ఆయన మీదికెళ్ళింది. "దా దా అని పిలిసి, వొత్తే గొడుగెత్తుతావా? పిలిసి కొట్టే మనిసివి నువ్వేం మనిసివి?"

"దా అనలేదు. జా అన్నాను. జా!" అన్నాడు దండపాణి వచ్చీరాని తెలుగులో.

ఆ మాటతో దానమ్మ నోరు టక్కున మూతపడింది. ఆ నోరు మూతపడగా చూడటం నాకదే మొదలు. ఒడియాలో జా అంటే పో. పుట్టింది మొదలు ఆ భాషలో చేపలమ్మింది. పశువునీ కాకినీ తనే రోజూ జా జా అని తోలుతుంది. లోకంలో ఉన్న ప్రతి గడ్డాన్నీ గొడుగునీ కుక్కకి చూపించింది గానీ, తెలుగు చెవితో వింటే "దా"కీ "జా"కీ ఎంత దూరమో చూసుకోలేదు. నాకు మాత్రం తట్టిందా? తట్టలేదు.

పోతయ్య అందుకున్నాడు. ఆ దుర్మార్గుడి మాటలో న్యాయం ఉండటం ఇంకా చిరాకు. "ఈ ఊర్లో సగం మంది కుక్కని సూత్తే జా అంటారు. ఈ రాష్ట్రమే ఆల్లది. పో అన్న పెతివోడి మీదికీ ఇది ఎగబడితే ఎలాగ? ఇవాళ మోసెయ్యి. రేపు ఏ ముసిలోడో పడి సత్తే?"

గంగన్న గడ్డం గోక్కున్నాడు. "నిజమే దానమ్మా. కరవనేదు, ఒప్పుకుంటాను. కానీ మీద పడింది. పున్నమి దాకా గడువిత్తన్నాను. జా అంటే పోవాల, పిలిత్తే రావాల. నేదంటే కళ్లం ఒగ్గేసుకో."

"ఓ మాట నేరిసిన కుక్కకి ఇంకో మాట ఎక్కదు. ఇప్పుడే ఒగ్గీమను" అన్నాడు పోతయ్య.

ఆ మధ్యాహ్నమే దానమ్మ నా అరుగెక్కింది. బతిమాలడానికనుకున్నారా? "లే సావుకారూ. నీది ఒడియావోళ్ళ గొంతు. నిలబడి జా జా అను" అంది. పోవే అన్నాను. కొనడానికొచ్చిన వాళ్ళందరికీ నా మానిక సొట్ట చూపిస్తానంది. లేచాను.

నేను "జా" అనాలి. కుక్క ఆశగా నా వైపు రెండడుగులు వేయగానే దాని వెనక, దూరంగా, దానమ్మ చేపముక్క విసరాలి. అది వెనక్కి తిరిగి పరిగెత్తాలి. ఎదురుగా కందిపప్పు కోసం వచ్చినవాళ్ళు నిలబడి నవ్వుతుంటే, వర్తకుణ్ణి నేను, ఊరకుక్కకి ఒడియా పాఠం చెప్పాను. మొదట్లో అది తికమకపడి మధ్యలో కూలబడేది. అది కూలబడినప్పుడు దానమ్మ దాన్ని తిట్టేది కాదు, నన్ను తిట్టేది. "గట్టిగా అను! తిండి నేదేటి!" అని.

ఓ రోజు అది ఎంతకీ కదల్లేదు. దానమ్మ చేపముక్క చేతిలో పట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయింది.

"కళ్లం పోతే ఆడి గుమ్మంలో కూలికి ఎండబెట్టాల, సావుకారూ. ఆడు ఎట్టిన కూడు తినాల. సత్తాను గానీ ఆ పని సెయ్యను" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను చూస్తున్నానని గమనించి, "ఏటలా సూత్తావు? ఆడకూతురు ఏడుత్తంటే సూడ్డానికి సిగ్గునేదూ?" అని కసిరింది. నేను తల తిప్పుకుని మళ్ళీ జా అన్నాను.

దా అనే మాట ఆవిడ పూర్తిగా మానేసింది. పిలుపుకి కొత్త మాట కావాలి కదా. తెలుగువాడు గానీ ఒడియావాడు గానీ కుక్కని చూసి పొరపాటున కూడా అనని మాట కావాలి. అది మొగ దగ్గర, ఎవరూ లేనిచోట, అలల హోరులో నేర్పుతోందని విన్నాను. ఏ మాటే అని అడిగితే, "నీకేటికి" అంది.

పున్నమి నాటి సాయంత్రం వాడంతా ఒడ్డున చేరింది. దండపాణి కూడా వచ్చాడు, ఈసారి ఇద్దరు మనుషుల వెనక నిలబడి. గంగన్న సైగ చేయగానే "జా! జా!" అన్నాడు. ఉప్పిగాడు ఆయన్ని ఓసారి చూసి, వెనక్కి తిరిగి, దడి అవతలికి దౌడు తీశాడు. జనం హో అన్నారు. నేను కాస్త తలెగరేశాను. ఆ "జా" నాది కదా మరి.

"బాగుంది. ఇప్పుడు పిలు" అన్నాడు గంగన్న.

దానమ్మ వెంటనే పిలవలేదు. పోతయ్య కేసి తిరిగి నిలబడింది. మా వైపు కోడలు బావగారి పేరు నోట పలకదు. ఈవిడ కూడా కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఎన్ని తగువులాడినా "పెద్దింటాయన" అనే అంది, వెనకాల "ఆడు" అంది. ఆ పేరు ఎన్నడూ పలకలేదు. అలాంటిది కొంగు బిగించి, సముద్రంలో తెప్పని పిలిచేంత గొంతుతో అంది:

"పోతయ్యోయ్!"

ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. దడి అవతల్నించి తెల్లగా దూసుకొచ్చి, ఉప్పిగాడు ఆవిడ కాలి దగ్గర కూర్చుని నాలిక చాపాడు.

ఒడ్డంతా గొల్లుమంది. గంగన్న నవ్వాపుకోలేక దగ్గాడు. పోతయ్య మొహం కందగడ్డలా అయిపోయింది. "బావ పేరు పలికీసింది! అందరూ ఇన్నారు కదా! తప్పెయ్యండి దీనికి!"

"ఉండు, ఉండు" అన్నాడు గంగన్న. "అది పిలిసింది నిన్నా, కుక్కనా?"

"కుక్కనే!" అన్నాడు పోతయ్య.

"మరి కుక్క పేరు పలికితే నీకేటి? కుక్కదీ నాదీ ఒకటే పేరంటావా, సెప్పు, రాసుకుంటాం."

కళ్లం దానమ్మదేనని గంగన్న అక్కడే చెప్పేశాడు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. అవలేదు. తెప్ప ఒడ్డుకి చేరగానే సావాసగాళ్ళు వల పట్టుకోవడానికి "పోతయ్యోయ్" అని కేకేస్తారు కదా. కేక వినపడగానే ఉప్పిగాడు ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి అందరికంటే ముందు నిలబడేవాడు. తగువులో మాట్లాడ్డానికి పోతయ్యని పిలిస్తే కుక్క వచ్చేది. పిల్లలకి ఇదొక ఆట అయింది. పాపం దానికి ఏ కల్మషమూ లేదు, పిలిచారు, వచ్చింది. పోతయ్య బజారుకి రావడం తగ్గించాడు.

చివరికి ఓ రోజు నా కొట్టుకొచ్చాడు. "సావుకారూ, ఆ ముండ నీ మాట ఇంటాది. ఆ పిలుపు మార్పించు. ఆ కళ్లం మీద నాకు గానీ నా కొడుకులకి గానీ ఏ హక్కూ నేదని గంగన్న ముందర పెమాణం సేసేత్తాను" అన్నాడు. అన్నట్టే చేశాడు కూడా. ప్రమాణానికి నేను సాక్షిని.

ఆ కబురు పట్టుకుని ఎండలో కళ్లానికి నడిచాను. దానమ్మ నెత్తళ్ళు తిరగేస్తోంది.

"మార్సను" అంది తలెత్తకుండా.

నాకు ఒళ్ళు మండింది. "ఇంకేటి కావాలే నీకు? కళ్లం నీది, నీ తర్వాత నువ్వెవరికిస్తే వాళ్ళది. వాడు ప్రమాణం చేశాడు. ఒక్క పిలుపు మార్చడానికి నీ సొమ్మేం పోయింది?"

చేతిలో చేపలు కింద పెట్టి లేచి నిలబడింది.

"నాను ఆ గుమ్మం తొక్కిన కాడ్నుంచీ ఆడి పేరు నోట రానీనేదు. బావ పేరు, తప్పు అన్నారు. సరే, అననేదు. మరి ఆడు నన్నేటని పిలిసినాడు? మొగుడున్నన్నాళ్ళూ ఒసే. మొగుడు పోయిన కాడ్నుంచీ ముండా. దానమ్మ అని ఒక్క పాలి, ఒక్కటంటే ఒక్క పాలి, అన్నాడేటి? నువ్వు సెప్పు, ఎప్పుడన్నా ఇన్నావా?"

ఆలోచించాను. వినలేదు.

"ఆడొచ్చి నన్ను పేరెట్టి పిలవమను. ఆ పూటే మారుత్తాను. ఎల్లి సెప్పు."

తిరిగొచ్చి చెప్పాను. పోతయ్య నా అరుగు మీదే కాచుకుని ఉన్నాడు. పెదవులు ఓసారి కదిలాయి, పలుకుతాడేమో అనుకున్నాను. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచి వెళ్ళిపోయాడు. కుక్క పిలుపు ఇప్పటికీ మారలేదు.